ఉప్పునీటి బంతి

మార్చి 9, ఆదివారం

నేను నాన్నను చూసి సిగ్గుపడుతున్నానట. అమ్మ తేల్చేసింది. ఇఫ్తార్ బల్ల దగ్గర, పప్పు సూప్ వడ్డిస్తూ, మామయ్య ఎదురుగానే. ఫిజిక్స్ చదివిన పిల్ల కదా, బంతి ఆడినవాడి కూతురినని చెప్పుకోవడానికి నామోషీ అంది. మామయ్య నవ్వాడు. ఎంత నవ్వితే ఓట్లు వస్తాయో అంతే నవ్వుతున్నాడు ఈమధ్య.

ఖల్దూన్ మామయ్య అమ్మకు అన్న. నాన్న ఆడిన ఫనార్ ఫుట్‌బాల్ క్లబ్‌కు అధ్యక్షుడు. మే నెలలో మునిసిపాలిటీకి నిలబడుతున్నాడు. ఏప్రిల్ 26న నాన్నకు సన్మాన మ్యాచ్ పెడుతున్నామని చెప్పడానికి వచ్చాడు. టీవీ వస్తుందట, షీల్డ్ ఇస్తారట, బ్యాండు కూడా ఉంటుందట.

నేను ఒక్కటే అడిగాను, ఆయన్ని అడిగారా అని. నా సిగ్గంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందట.

నాన్న నా పక్కనే ఉన్నాడు. ఖర్జూరం తిని, గింజ నోట్లోంచి తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆయన గురించి మాట్లాడినంతసేపూ అలాగే. పళ్ళెం ముందే ఉంది. ఎవరూ చూడలేదు. నేను చూశాను. చూడటాన్ని మా ఇంట్లో సిగ్గుపడటం అంటారు.

మార్చి 11, మంగళవారం

సన్మానపత్రం నన్నే రాయమన్నాడు మామయ్య. నా భాష బాగుంటుందట. రాశాను.

వహీబ్ సమాది. పుట్టింది ఈ మీనా రేవులోనే. ఇరవై ఏళ్ళు ఒకే క్లబ్, ఒకే చోటు, డిఫెన్స్‌కు నడిమధ్య. జాతీయ జట్టుకు పదకొండు మ్యాచ్‌లు. కొట్టిన గోల్ ఒకటి. ఆపినవెన్నో ఎవరూ రాసిపెట్టలేదు. గోల్ కొట్టినవాడికి లెక్క ఉంటుంది, ఆపినవాడికి మచ్చ ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మీద ఒకటి, నెత్తి మీద జుట్టు మొలవని చోటు ఒకటి. ఊళ్ళో ఆయన పేరు బండ. పిల్లలు కూడా అలాగే పిలుస్తారు, ఆయన పలుకుతాడు.

ఇది పత్రంలోకి. అందులోకి రానిది ఇక్కడ రాసుకుంటాను.

నాన్న బాగా ఆడిన ఆరేళ్ళూ ఎవరూ చూడని ఆరేళ్ళు. అప్పుడు స్టేడియాల్లోకి జనాన్ని రానిచ్చేవారు కాదు. జనం వస్తే పార్టీ జెండాలు వస్తాయి, జెండాల వెనక రాళ్ళు, రాళ్ళ వెనక తుపాకులు. అందుకని గేట్లకు తాళాలు. ఖాళీ కుర్చీల మధ్య ఆట. టీవీ మైకులకు ఆటగాళ్ళ గొంతులు తప్ప ఇంకేమీ దొరికేవి కావు. అలా దేశం మొత్తం మా నాన్న గొంతు విన్నది. "పైకి రండి! పైకి రండిరా!" అని డిఫెండర్ల వరసను ముందుకు తోలేవాడు. గాల్లోకి బంతి లేస్తే ఒక్కటే మాట, "నాది!" అంతే, మిగతావాళ్ళు పక్కకు తప్పుకునేవారు. రెఫరీ అక్కచెల్లెళ్ళ గురించి అన్నవి కూడా దేశం మొత్తం విన్నది. అమ్మ మా టీవీ గొంతు తగ్గించగలిగేది గాని పక్కింటిది తగ్గించలేదు కదా, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడేది.

నేను స్టేడియం వెనక భవనం డాబా మీద, నీళ్ళ ట్యాంకుల మధ్య కూర్చుని చూసేదాన్ని. ఏడేళ్ళు నాకు. ఆయన మొహం కనిపించేది కాదు. గొంతు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపించేది.

ఇప్పుడు రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే గొప్ప.

మార్చి 14, శుక్రవారం

సాయంత్రం రేవు గట్టుకు వెళ్ళాను. ఉపవాసం విడిచే వేళకు పేల్చే ఫిరంగికి ఇంకా గంట ఉంది. నాన్న, దానియా అక్కడే ఉన్నారు.

దానియా నా చెల్లెలు. పదిహేనేళ్ళు. క్లబ్ కొత్తగా పెట్టిన అమ్మాయిల జట్టులో నాన్న ఆడిన చోటే ఆడుతుంది. నాన్న దానికి ఉప్పునీటి బంతి నేర్పిస్తున్నాడు.

ఈ పిచ్చి మీనా వాళ్ళకు తప్ప ఇంకెవరికీ లేదు. క్లబ్‌లో పాతకాలపు తోలు బంతులు దాచి ఉంచుతారు, చేతికుట్టువి. అవి చిరిగితే తెరచాపలు కుట్టే ముసలాయన కుడతాడు. వాటిని చేపల వలలో వేసి, వలకు రాళ్ళు కట్టి, గట్టు కింద సముద్రంలో ముంచి ఉంచుతారు. ఉప్పునీళ్ళు తాగి తాగి ఒక్కో బంతి ఇనపగుండు అవుతుంది. డిఫెండర్ కావాలనుకున్నవాడు దాన్ని తలతో కొట్టాలి. సముద్రాన్ని కొట్టినవాడికి ఇక ఏ బంతీ బరువనిపించదని పాత కోచ్ అనేవాడట. కొట్టగానే ఆయన ఒకటే ప్రశ్న వేసేవాడు, కళ్ళ ముందు నక్షత్రాలెన్ని అని. ఒక్కటీ లేదనాలి. ఒకటో రెండో కనిపించాయని నిజం చెప్పినవాడు మర్నాటి నుంచి డిఫెన్స్‌లో ఉండేవాడు కాదు.

కోచ్ పోయి పదేళ్ళు దాటింది. ప్రశ్న పోలేదు.

నాన్న బంతి విసిరాడు. దానియా ఎగిరి కొట్టింది. తడిగుడ్డను బండకేసి బాదినట్టు చప్పుడు. దాని మొహం మీద నీళ్ళు చిమ్మాయి. నక్షత్రాలెన్ని అన్నాడు నాన్న, గొంతు ఖంగుమంది, డాబా మీద నేను విన్న గొంతే. ఒక్కటీ లేదంది అది, కళ్ళు మిటకరిస్తూ. మళ్ళీ విసిరాడు.

నేను వద్దన్నాను. ఇద్దరూ నా వైపు ఒకేలా చూశారు, ఆట మధ్యలో మైదానంలోకి వచ్చిన కుక్కను చూసినట్టు.

మార్చి 15

అమ్మ కుడి కంటి కింద నీలం. బాల్కనీ తలుపు రెక్క తగిలిందట. మా బాల్కనీకి ఉన్నది జరిపే తలుపు.

మార్చి 19, బుధవారం

పక్కనే ఉన్న ట్రిపోలీలో డాక్టర్‌కు రిపోర్ట్ చూపించాను. స్కాన్‌కు నాన్నను కళ్ళజోడు మార్పిద్దామని చెప్పి తీసుకెళ్ళాను పోయినవారం. అబద్ధం నాకు బాగానే వచ్చింది.

డాక్టర్ స్కాన్‌ను వెలుగుకు పట్టి, వయసు ఎనభయ్యా అని అడిగాడు. యాభై మూడు అన్నాను. బాక్సరా అన్నాడు. కాదు, డిఫెండర్ అన్నాను. ఆయన స్కాన్ కిందకు దించాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. డిమెన్షియా. దెబ్బల వల్లేనని బతికున్న మనిషి విషయంలో ఖాయంగా చెప్పలేమట, కానీ ఇరవై ఏళ్ళు తలతో బంతి కొట్టినవాడికి వస్తే తను ఆశ్చర్యపోడట. కోపం, చెయ్యి చేసుకోవడం, మాట తడబడటం, అన్నీ అందులో భాగమే. వెనక్కి రాదు. మందులు దాని వేగం కొంచెం తగ్గిస్తాయేమో. ఇంకో దెబ్బ మాత్రం తగలకూడదు.

నేను చెల్లెలి గురించి అడిగాను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. ఇవాళే ఆపించండి అన్నాడు.

మార్చి 20

చెప్పాను. మా ఇంట్లో జబ్బులకు పేర్లుండవు. తాతయ్య "అది" వచ్చి పోయాడు. నాన్నమ్మకు "చివర్లో బాగాలేదు". నాన్నది "అలసట". నేను పేరు పెట్టి చెప్పేసరికి అమ్మ లేచి కిటికీలు మూసింది. ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ అనకు, బండకు పిచ్చి అని ఊరంతా పాకితే నువ్వు హాయిగా బీరూట్ పోతావు, వినాల్సింది నేను అంది.

బీరూట్‌లో నాకు ఒక స్కూల్లో ఉద్యోగం ఇస్తామన్న మాట నిజం. నేనింకా ఏమీ చెప్పని మాటా నిజం. పారిపోవడానికి సాకు వెతుక్కుంటున్నానని అమ్మ నమ్మకం. కంటి కింద నీలం పసుపు పచ్చగా మారుతోంది.

మామయ్యకు ఫోన్ చేశాను. పాపం అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడనుకుంటాను. మే దాకా ఆగు తల్లీ, ఊరికి ఒక్క మంచిరోజు ఉండనీ అన్నాడు. ఆయనకూ ఉండనీ అన్నాడు.

మార్చి 31, సోమవారం

పండుగ. నాన్న నా నోటికి మిఠాయి అందించి, మీ నాన్నగారిని అడిగానని చెప్పమ్మా అన్నాడు. చెప్తానన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

జిర్జీ మామ దుకాణానికి వెళ్ళాను. నాన్న ముందు నిలబడితే ఆయన వెనక గోల్‌లో నిలబడ్డాడు, పదిహేనేళ్ళు. ఇప్పుడు రేవు మలుపులో వేయించిన చేప రొట్టెలో చుట్టి అమ్ముతాడు. ఈ ఏడు మా ఉపవాసాలూ వాళ్ళ ఉపవాసాలూ కలిసి వచ్చాయి. మావి అయిపోయాయి, ఆయనవి ఈస్టర్ దాకా ఉన్నాయి. మీ వాళ్ళు సాయంత్రం దాకా ఆగితే చాలు, నేను నలభై రోజులు చేప వేయిస్తూ చేప ముట్టను, ఎవరు గొప్పో దేవుణ్ణే తేల్చమను అన్నాడు.

నాన్న గురించి చెప్పాను. ఆయన నూనెలోంచి చేప తీయడం మర్చిపోయాడు. అది నల్లబడింది.

ఆయనకు ముందే తెలుసు. నిరుడు నాన్న దుకాణానికి వచ్చి, ఇరవై ఏళ్ళ నాటి మ్యాచ్ పేరు చెప్పి, ఆ రోజు నువ్వు అమ్ముడుపోయావురా అని కాలర్ పట్టుకున్నాడట. మర్నాడు వచ్చి మామూలుగా చేప తిని వెళ్ళాడట. ఎవరికీ చెప్పలేదేమని అడిగాను.

"చెప్తే ఏమంటారు బిడ్డా? గోల్‌కీపర్‌వి, నీకేం తెలుసు, నీకు చేతులున్నాయి అంటారు."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ఉప్పునీటి బంతి రోజుల్లో బట్టలు మార్చుకునే గదిలో నాన్న గోడకు నుదురు ఆనించి నిలబడేవాడట. బూట్ల లేసులు జిర్జీ మామే విప్పేవాడట, వంగితే నాన్నకు వాంతి వచ్చేది కాబట్టి. బయట కోచ్‌కు మాత్రం ఒక్కటీ లేదు సార్. అందరం అబద్ధం ఆడాం, వహీబ్ ఒక్కడే బాగా ఆడాడు, అందుకే వాడు బండ అయ్యాడు అన్నాడు.

డబ్బు తీసుకోలేదు. మాడిన చేపను పిల్లికి వేశాడు.

ఏప్రిల్ 12

మామయ్య కార్యక్రమం ఖరారు చేశాడు. మ్యాచ్‌కు ముందు జిర్జీ మామ గోల్ దగ్గర నుంచి ఉప్పునీటి బంతిని గాల్లోకి తంతాడు. దానియా దాన్ని తలతో కొడుతుంది. నాన్న పక్కన నిలబడి ప్రశ్న అడుగుతాడు. బండ వారసురాలు. పోస్టర్లు కూడా పడ్డాయి, నాన్న నుదురు, చెల్లి నుదురు, మధ్యలో మామయ్య.

దానియాను గదిలో కూర్చోబెట్టి డాక్టర్ అన్నదంతా చెప్పాను. స్కాన్ చూపించాను. అది వింది. తెలివైనది, నాకంటే త్వరగా అర్థం చేసుకుంది. తర్వాత జడ విప్పుకుంటూ, నా మొహం చూడకుండా అంది:

"రోజంతా నన్ను ఎవరో అనుకుంటాడక్కా. నిన్న టీ ఇస్తే థాంక్స్ సిస్టర్ అన్నాడు. గట్టు మీద బంతి విసిరేటప్పుడు మాత్రం దానియా అంటాడు. పైకి ఎగురు దానియా అంటాడు. నువ్వు గట్టు మీదకు రావు కాబట్టే నీ పేరు పోయింది."

స్కాన్‌ను మళ్ళీ కవర్లో పెట్టేశాను.

ఏప్రిల్ 22

శనివారమే జిర్జీ మామ మాట ఇచ్చాడు. వలలోది కాకుండా పొడి బంతి, అదే రకం పాతది, పైన నీళ్ళు చల్లి తంతానన్నాడు. ఎవరికీ తేడా తెలియదు, దేవుడికీ మనకూ తప్ప. దానియా కూడా ఒప్పుకుంది, నాన్నకు చెప్పకూడదన్న షరతు మీద.

మూడు రోజులుగా బాగా నిద్రపడుతోంది.

ఏప్రిల్ 27, ఆదివారం, ఉదయం. ఆసుపత్రి

వరండాలో రాస్తున్నాను. లోపల నాన్న నిద్రపోతున్నాడు. మత్తు ఇచ్చారు.

నిన్న స్టేడియం నిండింది. డ్రమ్ములు, పొగబత్తులు, పాత చొక్కాలు. చాలామంది నిజంగానే నాన్న కోసం వచ్చారు, అది కూడా రాయాలి. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, ఆ రోజుల్లో డాబా ఎక్కి చూసేవాణ్ణి తల్లీ, ఇవాళ దగ్గర్నుంచి చూస్తున్నా అని ఏడ్చాడు.

నాన్న మైదానంలోకి వచ్చి గీత దగ్గరే ఆగిపోయాడు. జనాన్ని చూసి భయపడ్డాడు. నా చెవిలో, వీళ్ళను ఎవరు రానిచ్చారు, ఇది మూసిన మ్యాచ్ కదా, మన మీద జరిమానా వేస్తారు అన్నాడు. గేట్లు మూయించమన్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించాను. అరచెయ్యి తడిగా ఉంది.

పొడి బంతి జిర్జీ మామ కాళ్ళ దగ్గరే ఉంది. అప్పుడు మామయ్య మైకు పట్టుకుని, ఇద్దరు మనుషుల చేత వలను మోయించుకుంటూ వచ్చాడు. రాళ్ళతో సహా, నీళ్ళు కారుతూ. కెమెరా ముందు తనే చెయ్యి పెట్టి ఒక బంతి తీశాడు. జనం ఊగిపోయారు. ఆ బంతిని జిర్జీ మామ చేతుల్లో పెట్టాడు. ఆయన నా వైపు చూశాడు. అన్ని వేలమంది ముందు ఆయన ఏం చేయగలడు? చేయొచ్చు. తన్నకుండా ఉండొచ్చు. తన్నాడు.

బంతి లేచింది. దానియా దాని కిందకు కదిలింది. నేను గీత దాటాను, పరిగెత్తాను, అందనని తెలుసు.

"నాది!"

స్టేడియమంతా వినపడింది. అంత గోలలోనూ. పదిహేనేళ్ళ కింద డాబా మీద విన్న గొంతు. దానియా తప్పుకుంది. ఆలోచించి కాదు, ఆ మాట వింటే ఎవరైనా తప్పుకుంటారు. నాన్న ఎగిరాడు. యాభై మూడేళ్ళ మనిషి, బూట్లు కాదు, ఎవరి పెళ్ళికో కొన్న తోలు చెప్పులతో ఎగిరాడు. తడిగుడ్డ చప్పుడు.

పడలేదు. నిలబడ్డాడు. మామయ్య పరిగెత్తుకొచ్చి మైకు నోటి ముందు పెట్టి, నవ్వుతూ, నక్షత్రాలెన్ని బండా అని అడిగాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు, జవాబు వాళ్ళకు తెలుసు, కలిసి అరుద్దామని.

నాన్న తల ఎత్తి చూశాడు. మిట్టమధ్యాహ్నం.

"ఆకాశం నిండా," అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. జోకు అనుకున్నారు. చప్పట్లు ఆగలేదు. నాన్న మెల్లగా గడ్డి మీద కూర్చున్నాడు, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని. ప్యాంటు తడిసింది. కెమెరా ఇంకా తిరుగుతోంది. దానియా తన జెర్సీ విప్పి ఆయన ఒళ్ళో కప్పి, లోపలి బనీనుతో, అంతమంది మగవాళ్ళ ముందు నిలబడింది. అప్పుడు ఆగాయి చప్పట్లు.

చెల్లిని కాపాడటానికి ఎగిరాడని అమ్మ అంటోంది. అలవాటు కొద్దీ ఎగిరాడని నాకు అనిపిస్తుంది. ఏది నిజమో ఆయన కూడా చెప్పలేడు.

ఏప్రిల్ 28

తల లోపల రక్తస్రావం చిన్నది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇంటికి పంపారు. ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు.

మామయ్య పూలతో వచ్చాడు. బుధవారం పదింటికి టీవీవాళ్ళు ఇంటికి వస్తారట. తడి గడ్డి మీద కాలు జారిందని చెప్పమన్నాడు. ఆ బంతిని అద్దాల పెట్టెలో క్లబ్ గుమ్మంలో పెడతారట. జిర్జీ మామ దుకాణం మూసి ఉంది.

అమ్మ మామయ్యకు కాఫీ ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

సాయంత్రం నాన్న లేచి బూట్లు వెతుక్కున్నాడు. పద దానియా, వెలుగు పోతోంది అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. దాని మొహం చూడాల్సింది.

గట్టు మీదకు పరిగెత్తాను. అప్పటికే దానియా ఆరు బంతులు కొట్టింది. కుడిచేత్తో విసురుతున్నాడు. చివర్లో నక్షత్రాలెన్ని అన్నాడు. దానియా కళ్ళు మూసుకుని, ఒక్కటీ లేదు నాన్నా అంది. నిలదొక్కుకోవడానికి నా భుజం పట్టుకుంది.

నాన్న కంటే బాగా ఆడింది అబద్ధం.

ఏప్రిల్ 30, ఉదయం

జిర్జీ మామను చేపల కత్తి అడిగాను. ఎందుకని అడగలేదు. గట్టు మెట్ల మీద కూర్చుని వల కోశాను. తాడు మందంగా ఉంది, చాలాసేపు పట్టింది. రాళ్ళు కిందకు పోయాయి, బంతులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. రేవుకు ఎదురుగా ఉన్న దీవుల వైపు కొట్టుకుపోతున్నాయి.

పదింటికి కెమెరా వస్తుంది. జబ్బు పేరు చెప్తాను. దేని వల్లని డాక్టర్ అనుకుంటున్నాడో చెప్తాను. స్కాన్ చూపిస్తాను.

బీరూట్‌కు రానని రాసేశాను. ఇక రోజూ సాయంత్రం గట్టు మీద నేను ఉంటాను. దానియా తల మీద ఇంకో బంతి పడదు. నాన్న దాని పేరు మర్చిపోతాడు. మర్చిపోనీ.